మావైపమ్మ తెచ్చిన సరుకు

నిన్న మా చెల్లెలి మనవడు మిఠాయి డబ్బా పట్టుకుని సంబరంతో ఊగిపోతూ వచ్చాడు. నల్లగొండలో వాడికి రెండు ప్రైవేటు బడులున్నాయి. మూడోది ఆఫ్రికాలో పెడుతున్నాడట. దేశం పేరు రెండుసార్లు చెప్పాడు గానీ, తొంభై దాటిన నా చెవిలో అది నిలవలేదు.

"కంటైనర్ల ఎక్కించుడే తాతా! ఈడ ఎట్లుందో ఆడ గట్లనే. పుస్తకాలు గవే, పరీక్షలు గవే. టై రంగు గూడ మార్చం."

"ఆడోళ్లు ఏమన్నరురా?"

"సంతకం పెట్టిన్రు."

"సంతకం సంగతి గాదు. నువ్వేమన్న వాళ్లను అడిగినవా?"

"అడిగేదేముంటది తాతా? మనం ఇచ్చేది మంచిదే గద!"

నాకు నవ్వాగలేదు. పొలమారింది. మనవరాలు నీళ్లు తెచ్చి వీపు రాసింది. వాడు అలిగాడు. వాణ్ణి చూసి నవ్వలేదని వాడికెట్లా చెప్పను? సరిగ్గా ఇదే మాట, డెబ్బై ఏళ్ల కింద, నల్ల గొడుగొకటి చేతబట్టుకుని మా ఊళ్లో ఎద్దుబండి దిగింది.

ఆమె అసలు పేరు ఊళ్లో ఎవరి నోటా పట్టలేదు. కృష్ణ అవతలినుంచి వచ్చిన పంతులమ్మ. నోరు తెరిస్తే మొదటి మాట "మా వైపు". మా వైపు పిల్లలు పలకను ఉమ్మితో తుడవరండీ. మా వైపు బడిగంట వినబడితే కాకులు కూడా లేచిపోతాయండీ. వారం తిరగకముందే ఊరు ఆమెకు మావైపమ్మ అని పేరు పెట్టేసింది. ఆ సంగతి ఆమెకు చెప్పింది నేనే. కోపం వస్తుందనుకున్నాను. "నయమే, అబద్ధం పెట్టలేదు" అన్నది.

పోలీసు యాక్షన్ జరిగి అప్పటికి ఏడాది. హైదరాబాదు సంస్థానం ఇండియాలో కలిసిందని అందరూ అన్నారు గానీ, మాకు చెల్లే రూపాయి సిక్కా వేరు, నెలల పేర్లు వేరు, కృష్ణ ఒడ్డున సుంకం నాకా ఎప్పటిలాగే ఉంది. ఆ నాకా దగ్గర జవాను ఆమె రెండు ట్రంకుపెట్టెలూ దింపించాడట. ఏముంది వీటిలో అంటే "చదువు" అన్నదట ఈమె. వాడు గంభీరంగా "ఎన్ని మణుగులమ్మా?" అని అడిగాడట. సుంకం పట్టికలో ఆ సరుకు కనబడక వదిలేశాడు. ఈ కథ ఆమె కనీసం యాభైసార్లు చెప్పి ఉంటుంది. చెప్పిన ప్రతిసారీ ఆ జవాను మీసం కొంచెం పెరిగేది.

చదువు బయటినుంచి దిగడం మాకు కొత్త కాదు. నేను మిడిల్ దాకా చదివింది ఉర్దూలో. బళ్లో ఉర్దూలో హెచ్చించి, మా నాయిన దుకాణంలో తెలుగులో తూచేవాణ్ణి. మా మౌల్వీ సాబు బంగారంలాంటి మనిషి. ఆయన్ని ఎవరో పంపారు, మమ్మల్ని ఎవరూ అడగలేదు, అంతే. ఇప్పుడు సర్కారు మారింది కాబట్టి సరుకు మారింది. ఉర్దూ మిడిల్ పాసై, తెలుగు రాయడం వచ్చినవాడు ఊళ్లో ఇంకొకడు లేకపోవడం అనే ఒక్క అర్హత మీద నన్ను ఆమె కింద అసిస్టెంటుగా వేశారు. నాకు పంతొమ్మిదేళ్లు. బేరంలో మా నాయిననే ఓడిస్తానని పొగరు.

ఆమె పొట్టి మనిషి. నలభై దాటినా నడక చూస్తే పదహారు. కోపమొస్తే ఎండ లేకపోయినా, ఇంట్లో ఉన్నా, గొడుగు తెరిచేది. కోపం పోయాక మూసేది. పిల్లలు పాఠం కంటే ముందు ఆ గొడుగును చదవడం నేర్చుకున్నారు.

ఇంకో వింత ఆమె అందరినీ "అండి" అనడం. అందరినీ అంటే అందర్నీ. గొర్లు కాసే ఇంటి పిల్లవాడు నర్సింహను మొదటిరోజు "మీరు లేచి చెప్పండి" అన్నది. వాడు తన వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాడు. గోడే ఉంది. నీ బాంచెన్ కాల్మొక్త అనే మాట తల్లిపాలతో పాటు తాగిన ఊరు మాది. ఆ గోడను చూసి మళ్లీ ఆమెను చూసిన వాడి మొహం నేను చచ్చేదాకా మరచిపోను.

కొనడం మాత్రం ఆమెకు బొత్తిగా రాదు. ఎంత చెబితే అంత ఇచ్చేసేది. ఒకరోజు బీరకాయల అవ్వ మా దుకాణానికొచ్చి నాయిన దగ్గర కంట తడి పెట్టుకుంది. "గా పంతులమ్మ నాతోని కొట్లాడకుంటనే కొన్నది శావుకారీ. నా కాయలు గంత పాడున్నయా?" ఆమెకు బేరం నేర్పే బాధ్యత నామీద పడింది. మొదటి ధరకు తల అడ్డంగా ఊపాలి, రెండో ధరకు లేచి పోవాలి, మూడో ధరకు పిలిపించుకోవాలి అని చెప్పాను. శ్రద్ధగా విన్నది. మరునాడు రెండో ధరకు లేచి నేరుగా ఇంటికి వెళ్లిపోయింది. అవ్వ గంప నెత్తిన పెట్టుకుని వెంటపడి, ఇంటికి పోయి ఇచ్చి వచ్చింది.

ట్రంకుపెట్టెలో రంగు పటాలుండేవి. 'ఓ' అక్షరానికి ఓడ. దాని కింద నీలంగా సముద్రం. మా ఊరు హాలియా అవతల, జొన్నా ఆముదమూ పండే మెరక. సాగర్ కాలువ అనే మాట అప్పటికి పుట్టలేదు. సముద్రమంటే ఏమిటో ఆమె అరపూట చెప్పింది. పిల్లలు నోళ్లు తెరిచి విన్నారు. నర్సింహ లేచి, "గన్ని నీళ్ల కింద ఎన్ని పుట్ల వడ్లు పండుతయమ్మా?" అన్నాడు.

"ఏమీ పండదండీ. ఉప్పునీళ్లు."

"మరెందుకు గదాన్ని పుస్తకంల పెట్టిన్రు?"

ఆమె గొడుగు తెరవబోయి, ఆగి, ఫక్కున నవ్వింది. "మా వైపు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు" అన్నది. ఆ పూట నాకు ఆమె నచ్చింది.

ఇక బడి ఉన్న చోటు సంగతి. అది దొర ఉండే కోటలాంటి గడిలో ముందు భాగం. నాలుగు స్తంభాల కచేరి, మూడు పక్కలా గోడల్లేవు. ఒకప్పుడు దొర అక్కడ కూర్చుని తీర్పులు చెప్పేవాడు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు గడి మీద పడ్డప్పుడు పట్నం పారిపోయాడు. మిలిటరీ వచ్చాక దాని వెనకాలే కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. ఊళ్లో ఇంకో పెద్ద కప్పు లేదని తాలూకా అధికారులు కచేరిని బడికిప్పించారు. దొరకు అది కంట్లో నలుసు. ఆ జాగా పోలీసు క్యాంపుకు ఇవ్వాలని అతని కోరిక. బడికి పిల్లలే రావడంలేదు, దండగ, అని పైకి అర్జీ పెట్టాడు. మూడు నెలల్లో తనిఖీ వస్తుందని, ఆ రోజు సగం మంది పిల్లలైనా లేకపోతే బడిని వేరే ఊరికి ఎత్తేస్తారని కాగితం వచ్చింది.

ఆమె కాగితం చదివి మడిచి కొంగున కట్టుకుంది. "ఊరికి వచ్చిన మొదటి తెలుగు బడండీ ఇది. పోనిస్తానా?" అన్నది.

మామూలు రోజుల్లో పిల్లలకు కొదవ లేదు. అరవై మంది కిటకిటలాడేవాళ్లు. శుక్రవారం మాత్రం నలుగురు. మా చెల్లెలు, పట్వారి కొడుకులిద్దరు, కాలికి గడ్డ లేచి నడవలేని ఇంకొకడు. ఎందుకంటే శుక్రవారం మా సంత. ఉర్దూ బడి రోజుల్లో శుక్రవారమే సెలవు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. కొత్త బడికి సెలవు ఆదివారం.

ఆమె దీన్ని బద్ధకం అనుకుంది. "మా వైపు దీనికి మందుందండీ. రానివాళ్ల పేర్లు బడి బయట బోర్డు మీద రాస్తాం. నలుగురూ చూస్తారు. తల్లిదండ్రులు సిగ్గుపడి పంపిస్తారు. ఒక బోర్డు కావాలి."

ఊరి వడ్రంగి వడ్లాయనకు చెబితే కర్ర ఖర్చు, కూలి ఖర్చు. మన బుర్ర ఊరుకుంటుందా? గడి అటకమీద ఒక నల్లటి చెక్క పడి ఉండడం నేను చూశాను. దింపి, తవుడుతో తోమి, గడి తలుపు పక్కన పాత మేకు ఉంటే దానికే తగిలించాను. చెక్కలో చిల్లు, గోడలో మేకు, ఒకదానికొకటి చేసినట్టు సరిపోయాయి. ఎందుకు సరిపోయాయో ఆలోచించేంత తీరిక నాకు లేదు. ఒక్క కానీ ఖర్చు లేకుండా బోర్డు సాధించానని ఛాతీ విరుచుకుంటున్నాను. శుక్రవారం సాయంత్రం ఆమె గుండ్రటి అక్షరాలతో యాభై ఆరు పేర్లు రాసింది. ప్రతి పేరు పక్కనా ఇంటి పేరు.

శనివారం పొద్దున, గంట కొట్టడానికి నేను తాడు పట్టుకున్నానో లేదో, వీధి చివర దుమ్ము లేచింది. ముందు గొడ్లు అనుకున్నాను. ఆడవాళ్లు! నలభై మందికి తక్కువ లేరు. చేతుల్లో రోకళ్లు, కొంగుల్లో కారం మూటలు. రజాకార్ల మీదికి అవే పట్టుకుని లేచిన చేతులు అవి. ముందు ముత్తమ్మ. చింతపండు అమ్ముతుంది, పొలాల్లో కూలి చేస్తుంది, మొగుడు సంఘంలో తిరిగి నల్లగొండ జైల్లో ఉన్నాడు. ఆమె రోకలి చివర ఇనుప పొన్ను పొద్దుటెండకు తళతళమన్నది.

"ఎవడురా రాసింది పేర్లు? వెట్టి మల్ల షురూ అయ్యిందా?"

అప్పుడు తెలిసింది నాకు. ఆ చెక్క వెట్టి చెక్క! మరునాడు దొర పొలంలో, దొర ఇంట్లో ఊరికే చాకిరీ చేయాల్సిన ఇళ్ల పేర్లు సాయంత్రం దానిమీద రాసి, ఆ మేకుకే తగిలించి, దొర మనిషి అరిచి చదివేవాడు. అక్షరం రాని ఊరు నేర్చుకున్న మొదటి చదువు అదే: గడి తలుపు మీద పేరు పడితే నడుం విరుగుతుంది. చిన్నప్పుడు నేనూ చూశాను. కానీ శావుకార్ల పేర్లు దాని మీద ఉండేవి కావు. అడిగిన సామాను అడిగినప్పుడు గడికి పంపడమే మా వెట్టి. మన పేరు లేని చెక్క మనకెందుకు గుర్తుంటుంది?

పంతులమ్మ బయటికొచ్చింది. రోకళ్లు చూసింది. "రండమ్మా, లోపల కూర్చోండి" అన్నది, పెళ్లికొచ్చినవాళ్లను పిలిచినట్టు.

"కూసునేది తర్వాత. మా పేర్లు ఎందుకెక్కినయ్ గీడ?"

"మా వైపు బడికి రాని పిల్లల పేర్లు బయట రాస్తామండీ. పెద్దవాళ్లు చూసి సిగ్గుపడి..."

"మేం సిగ్గువడం" అన్నది ముత్తమ్మ. "మేం భయపడ్తం. భయపడుడు అయిపోయినంక గిట్ల రోకండ్లు వట్టుకొని వస్తం." ఆ చెక్క మీద రాసిన పేర్లేమిటో, ఎవరు చదివేవాళ్లో, తన తల్లి ఏ పూట ఏ పొలంలో కూలబడిందో, అన్నీ అక్కడే నిలబడి చెప్పింది. గొంతు తగ్గించలేదు. గడి లోపలి కిటికీ ఒకటి చప్పుడు లేకుండా మూసుకుంది.

పంతులమ్మ నావైపు తిరిగింది. "మీకు తెలుసా ఇది?"

"తెలుసు. యాది రాలేదు" అన్నాను. నా జీవితంలో అంత చవకగా తెచ్చి అంత ఖరీదు చెల్లించిన వస్తువు ఇంకొకటి లేదు.

ఆమె గొడుగు తెరవలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. చెక్క దగ్గరికి వెళ్లి కొంగుతో పేర్లన్నీ తుడిచింది. తెల్లని సుద్ద కొంగు నిండా. తిరిగి, చేతులు జోడించి, "తప్పు నాది. అడగకుండా చేశాను. క్షమించండి" అన్నది.

ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గడి గడపలో నిలబడి ఎవరైనా వాళ్లను క్షమించమనడం అదే మొదలు. బీరకాయల అవ్వ పక్కామెను మెల్లగా, "గిప్పుడు మనమేం జెయ్యాలెనే?" అని అడిగింది. చివరికి ముత్తమ్మ చెక్కను మేకునుంచి లాగి కింద పడేసి, రోకలెత్తి ఒక్క పోటు పొడిచింది. రెండు ముక్కలు! ఏం చప్పుడది! పిల్లలు కేకలు పెట్టారు, ఆడవాళ్లు కేకలు పెట్టారు, నేనూ పెట్టాను. పంతులమ్మ కూడా చప్పట్లు కొట్టిందని తర్వాత మా చెల్లెలు ఒట్టు పెట్టి చెప్పింది.

అప్పుడు కూర్చున్నారు. కచేరిలో, దొర గద్దె ఉన్న చోటే, రోకళ్లు పక్కన పెట్టుకుని. బేరం మొదలైంది. ఇక నా రాజ్యం అనుకున్నాను.

"శుక్రవారం పిల్లలు ఎందుకు రారండీ?" పంతులమ్మ అడిగింది. వచ్చి నాలుగు నెలలైంది. ఈ ముక్క అడగడం అదే మొదటిసారి.

ముత్తమ్మ చెప్పింది. సంతలో ఎవరి జాగా ఎవరిదీ కాదు. కోడి కూసేటప్పుడు వచ్చి ఎవరు గోనెపట్టా వేసి కూర్చుంటే వాళ్లది. తల్లులు పొలంలో పొద్దుటి కూలి ముగించి గంపతో వచ్చేసరికి పూట గడుస్తుంది. అందాకా ఆ గోనె మీద కూర్చునేది పిల్లలు. పిల్ల లేచిందా, జాగా పోయింది. జాగా పోయిందా, వారం గింజలు పోయాయి. "ఆటకు పోతలేరమ్మా. మా బతుకు మీద కూసుంటాన్రు."

"అయితే శుక్రవారం సెలవు. ఆదివారం బడి" అన్నది పంతులమ్మ, కన్ను ఆర్పకుండా.

"పైన రూలు ఆదివారం సెలవని గదమ్మా!" అన్నాను.

"రూలు సంగతి నేను చూసుకుంటాను."

ఊపు మీదున్నాం కదా అని నేను ఇంకో అడుగు ముందుకేశాను. "అమ్మా, రోజు తగ్గించినం. ఇగ పుస్తకం గూడ జర తగ్గిద్దాం. పద్యాలు, దేశాలు, ఓడలు వీళ్లకెందుకు? తూకం, కొలత, సంతకం వస్తె సాలు. ఈ ఊరికి ఈ ఊరి సదువు." నా తెలివికి నేనే మురిసిపోయాను. ఊరి పక్షాన మాట్లాడుతున్నాననే అనుకున్నాను కూడా.

ముత్తమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏమోయ్ చిన్న శావుకారీ! నీ కొట్ల కూలి జెయ్యనీకి సరిపోయేంత సదువా మా పిల్లలకు? పట్వారి పోరగాండ్లు ఏం సదువుతరో మావోళ్లకు గదే గావాలె. మమ్ముల అడగుమన్నం గని, తక్కువ తూయమన్నమా?"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. మా నాయిన దుకాణంలో ఇరవై ఏళ్లుగా వీళ్లు దిగమింగుకున్న మాటకు ఇవాళ సందు దొరికింది.

"మరి ఓడ?" అన్నాను, తేలుకుట్టిన దొంగలా.

"ఉండనీ. సూసిందే సూసేటందుకు బడెందుకు?"

పంతులమ్మ మొహం చూడాల్సింది! దీపం వెలిగించినట్టు. "రోజు మీరు చెప్పండి. పాఠంలో మాత్రం గింజ తగ్గించను" అన్నది. ముత్తమ్మ తల ఊపింది. ఆ బేరంలో ఇద్దరూ గెలిచారు. ఓడింది నేనొక్కణ్ణే.

ఆ రోజు నుంచి ఆమె ఏ కొత్త పని చేయబోయినా ముందు గడప దిగేది. పటం ఎక్కడ కట్టాలో అడిగేది. అన్నం వేళ ఎప్పుడో అడిగేది. ఒక్కోసారి విసుగొచ్చేంత అడిగేది. "నీకేం తెల్వదా అమ్మా?" అని బీరకాయల అవ్వే కసిరింది ఒకసారి.

అంతా బాగుందనుకుంటుండగా తనిఖీ కబురు వచ్చింది. వచ్చే శుక్రవారం! ఆ రోజు ఎంపిక చేయించింది దొరేనని ఊరందరికీ తెలుసు. రూలు ప్రకారం శుక్రవారం బడి ఉండాలి. మేం సెలవిస్తున్నాం. తనిఖీదారు వచ్చి ఖాళీ కచేరి చూస్తే బడి అయిపోయినట్టే.

"ఒక్క శుక్రారం అమ్మా! పిల్లలకు తలా దోసెడు బొరుగులు, బెల్లం ముక్క ఇస్తనని చెప్త. ఉరికొస్తరు" అన్నాను.

గొడుగు తెరుచుకుంది. "లంచమిచ్చి హాజరు వేయించమంటారా? వాళ్లకు మాటిచ్చాను. తల్లుల బతుకు మీద కూర్చున్న పిల్లల్ని ఏ మొహంతో లేపను? నేను వెళ్లి అడగను. మీరూ వెళ్లకూడదు."

వెళ్లకూడదన్నది. వెళ్లనని నేను అనలేదు. నేరుగా ముత్తమ్మ దగ్గరికి పోయాను. విన్నది. చింతపండు గింజలు తీయడం ఆపలేదు. "ఏ జాగ తీసుకుంటరట దొరోళ్లు? కచేరి ఒక్కటేనా, ముందటి వాకిలి గూడనా?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు.

శుక్రవారం నేను మొహం కడుక్కోకముందే మా నాయిన అరుపు. "సంత ఏమాయెరా? సంత ఏదిరా?" మా దుకాణం ఎదుట, తాతల నాటినుంచి సంత కూడే మైదానం ఖాళీగా ఉంది. ఒక్క కుక్క పడుకుని ఉంది. నేను గడికి పరుగెత్తాను.

గడి వాకిలి నిండా గోనెపట్టాలు! కోడి కూసినప్పుడే పరిచారు. చింతపండు, ఎండుమిరప, జొన్నలు, రేగుపళ్ల రాసులు. పట్టాల మీద పిల్లలు. గంట కొట్టగానే ప్రతి పట్టా మీద ఒక రాయి పెట్టి లేచి, నాలుగు అంగల్లో కచేరిలో కూర్చున్నారు. మూడు పక్కలా గోడల్లేవు కదా. కూర్చున్న చోటినుంచి ఎవరి జాగా వాళ్లకు కనబడుతూనే ఉంది! పంతులమ్మ స్తంభం పట్టుకుని నిలబడిపోయింది.

మా నాయిన తక్కెడ చేత్తో పట్టుకునే వచ్చాడు. "ఓరి సన్నాసీ, దుకాణం ముందటి సంతను బంగారమసొంటి తెలివితోని పోగొట్టినవు గదరా!" అన్నాడు. తిట్టడం అయ్యాక ఆయనా ఒక మూల జాగా చూసుకుని కూర్చున్నాడు.

తనిఖీదారు జీపు దిగాడు. వెనక తెల్లటోపీతో దొర. "ఇది నా జాగ! ఎవర్నడిగి కూసున్నరు?" అని దొర కేక వేశాడు.

ముత్తమ్మ లేవలేదు. "నీ జాగైతే పొద్దుగాల వచ్చి పట్టా ఎయ్యకపోతివా దొరా? మా పిల్లలు కోడి కూతకే పట్టుకున్నరు. సంత రివాజు గదే."

వాకిలంతా నవ్వు. తనిఖీదారు పెదవి బిగబట్టి కచేరి ఎక్కాడు. తలలు లెక్కపెట్టాడు. యాభై ఎనిమిది. నర్సింహను లేపి, నదులు దేనిలో కలుస్తాయని అడిగాడు. "సముద్రంల సార్. ఉప్పునీళ్లు. వడ్లు పండ..." అంటూనే వాడు బయటికి తిరిగి, "ఓ అక్కా! గది మా అవ్వ జాగ! రాయి కనబడతలేదా?" అని గర్జించి, మళ్లీ తిరిగి, "...వడ్లు పండయి గని ఓడలు నడుస్తయి సార్" అని ముగించాడు. తనిఖీదారు పొట్ట పట్టుకుని నవ్వాడు.

పాఠం అయ్యాక సంతలో తిరిగాడు. రేగుపళ్లు బేరమాడి కొన్నాడు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని తనిఖీ పుస్తకం తెరిచాడు. మొహం వెలిగిపోతోంది. దొర మొహం నల్లబడింది. గెలిచాం!

"పంతులమ్మా, అద్భుతం! ఇది నేను ఎక్కడా చూడలేదు. జిల్లా మొత్తానికి ఉత్తరువు వేయిస్తాను. ప్రతి ఊళ్లో సంతను బడి ముందుకు మార్చాలి. మీరు ఈ పద్ధతంతా రాసి ఇవ్వండి. అచ్చు వేయిద్దాం."

"వద్దండీ" అన్నది ఆమె.

కలం ఆగింది. సరుకు నచ్చి, కొనేవాడు సంచీ మూతి విప్పుతున్న వేళ ఇట్లా మాట్లాడేవాళ్లను నేను ఎక్కడా చూడలేదు. ఆమె వెనక నిలబడి కళ్లతో, చేతులతో, చివరికి దగ్గుతో కూడా బతిమాలాను.

"ఎందుకు వద్దు?"

"ఇది నేను చేసింది కాదండీ. ఈ ఊరి ఆడవాళ్లు చేసింది. ఇక్కడ కుదిరింది. పక్క ఊళ్లో ఏముందో ఎవరికి తెలుసు? నేను మా వైపునుంచి ఒకటి మోసుకొచ్చి ఈ ఊరి మీద పెట్టాను. రోకళ్లు తీసుకుని వచ్చారు. దయచేసి ఇంకో ఊరికి ఆ కష్టం తేకండి."

తనిఖీదారు మొహంలో నవ్వు పోయింది. ఇది చూసి దొర ఒక అడుగు ముందుకేశాడు. "సార్, నా జాగ సంగతి..."

చెయ్యెత్తి అతన్ని ఆపాడు. "పక్క ఊళ్లో సంత ఏ రోజమ్మా?"

"నాకు తెలియదండీ."

"ఎక్కడ పెడతారు?"

"అదీ తెలియదు."

"తెలియదు, తెలియదంటే రిపోర్టులో నేనేం రాయను?"

"తెలియదనే రాయండి."

బయట సంత గోల గోలగా ఉంది. ముత్తమ్మ చింతపండు తూస్తూ ఇటే చూస్తోంది. తనిఖీదారు కలం సిరాలో ముంచి రాయడం మొదలుపెట్టాడు. బల్ల అవతల నిలబడి ఎదుటివాడి చీటీని తలకిందులుగా చదవడం దుకాణదారుల పిల్లలకు పుట్టుకతో వచ్చే విద్య. ఒక్కో మాటా చదివాను. 'బడి ఇక్కడే నడవాలి. జాగా మార్చే అవసరం లేదు. శుక్రవారం సంతా పాఠమూ కలిసి నడుస్తున్నాయి. ఈ పద్ధతి ఈ ఊరిది. పక్క ఊరికి పనికొస్తుందో లేదో పంతులమ్మకు తెలియదు.'

అక్కడ ఆగాడు. కొట్టేస్తాడేమోనని నేను స్తంభం పట్టుకున్నాను. కలం మళ్లీ సిరాలో ముంచి, కింద ఇంకో వరస చేర్చి, సంతకం పెట్టాడు.

'నాకూ తెలియదు. పోయి అడుగుతాను.'